పోస్టుమార్టం అయి మూడు నెలలైంది, చిన్నాయన ఎలా పోయాడో ఇంకా ఎవరూ చెప్పలేదు

తోతాపురి_తోట
మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. జూన్ నెలలో మా చిన్నాయన మామిడితోటలో కావలి పడుకుని తెల్లారేసరికి లేవలేదు. వయసు 52. ముందురోజు రాత్రి చిన్నమ్మ సంగటి, పప్పు తీసుకెళ్ళి పెట్టి వచ్చింది. తిన్నాడు, తొమ్మిదిన్నరకు నాతో ఫోన్లో కాయల ధర గురించి మాట్లాడాడు, పడుకున్నాడు. పొద్దున ఆరున్నరకు మా తమ్ముడు వెళ్ళి చూస్తే ఒళ్ళు చల్లబడి ఉంది, చేతులు కొయ్యబారి ఉన్నాయి.

108 వాళ్ళు వచ్చి చూసి తల అడ్డంగా ఊపేశారు. పోలీసులు వచ్చారు, పంచనామా రాశారు, పోస్టుమార్టం చేయించారు. అదే రోజు సాయంత్రం శవాన్ని ఇచ్చేశారు, దహనం చేశాం. సర్టిఫికెట్ నకలు చేతికొస్తే, కారణం రాయాల్సిన చోట 'ల్యాబ్ నివేదిక వచ్చేదాకా అభిప్రాయం నిలిపి ఉంచడమైనది' అని ఉంది. అప్పటినుంచి తిరుగుతూనే ఉన్నాం. స్టేషన్‌కి పోతే ఆసుపత్రిలో అడగమంటారు, ఆసుపత్రికి పోతే ల్యాబ్ నుంచి రాలేదంటారు, ల్యాబ్‌కి పోతే మీతో మాట్లాడం, పోలీసులతోనే మాట్లాడతాం అంటారు.

మనిషి పోయిన బాధ ఒకటి, ఊళ్ళో మాట ఇంకొకటి. అంతకు వారం ముందు భూమి అమ్మకం గురించి చిన్నాయనకీ చిన్నమ్మకీ గొడవైంది, వీధిలోకి వినపడింది. ఇప్పుడు 'సంగటిలో ఏం కలిపిందో' అని మా సొంత మేనత్తే అనింది. చిన్నమ్మ మూడు నెలలుగా గడప దాటలేదు.

అమెరికాలో మెడికల్ ఎగ్జామినర్ అని ఒకాయన ఉంటాడని, ఎవరు ఎలా పోయారో తేల్చి చెప్పడం ఆయన పనే అని విన్నాను. మన దగ్గర ఆ పని ఎవరిది? నేను ఎవరి ముందు కూర్చుని అడగాలి?

గోవిందరాజ_వీధి
మా మామగారి విషయంలో ఆరు నెలలు పట్టింది. ఓపిక పట్టాల్సిందే.

స్వర్ణముఖి_ఒడ్డు
ఆరు నెలలు ఓపిక పట్టమని ఆ చిన్నమ్మకు ఎవరు చెప్తారు? మొగుడు పోయిన మనిషిని ఊరంతా హంతకురాలిలా చూస్తుంటే ఒక్కో రోజు ఒక్కో ఏడాది.

రిటైర్డ్_హెడ్డు
ముప్పై రెండేళ్ళు పోలీసు శాఖలో చేసి దిగినాను. నేను రాసిన శవ పంచనామాలకు లెక్క లేదు. తోతాపురీ, నీ ప్రశ్నకు నాకు తెలిసింది చెప్తాను.

మన దేశంలో ఆ పని ఒకరిది కాదు, ముగ్గురిది. ఎలా పోయాడో విచారించే బాధ్యత పోలీసుది. నేర విచారణ ఎలా చేయాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 174 సెక్షన్, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 194. శవం ఎక్కడ ఉందో అక్కడికి పోయి, ఊరి పెద్దమనుషుల్ని పంచాయతీదారులుగా పెట్టుకుని, గాయాలు ఏమున్నాయి, చివరిసారి ఎవరు చూశారు, చూస్తే ఎందువల్ల పోయినట్టు ఉంది అని రాయాలి. ఆ రిపోర్టు 24 గంటల్లో పైకి పోవాలి. శరీరంలో ఏముందో చెప్పే బాధ్యత డాక్టరుది. విషం ఉందా లేదా చెప్పే బాధ్యత ల్యాబ్‌ది. పెళ్ళయి ఏడేళ్ళలోపు ఆడమనిషి అనుమానంగా పోతే తహసీల్దారు వచ్చి పంచనామా చేస్తారు. కస్టడీలో పోతే మేజిస్ట్రేటు విచారణ.

ముగ్గురూ కలిసే జాగా స్టేషన్‌లో ఉండే ఫైలు. కాబట్టి నువ్వు అడగాల్సింది దర్యాప్తు అధికారిని. నోటితో కాదు, కాగితం మీద.

ఒకటి అడుగుతా, దాచకుండా చెప్పు. పంచనామా రోజు మీవాళ్ళు ఏం చెప్పినారు? జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగి ఉంటారే?

తోతాపురి_తోట
మా నాన్న చెప్పాడు, 'ఏ జబ్బూ లేదు, రాయిలా ఉండేవాడు' అని. నిజానికి చిన్నాయనకు బీపీ ఉంది. మాత్రలు తెచ్చుకునేవాడు కానీ సరిగా వేసుకునేవాడు కాదు. అప్పుడప్పుడు ఛాతీలో మంట అనేవాడు, గ్యాస్ అనుకుని సోడా తాగేవాడు. తన తమ్ముడి శవం ముందు నిలబడి ఆ మాటలు నాన్న నోట్లోంచి రాలేదు.

రిటైర్డ్_హెడ్డు
చూసినావా. ఆ ఒక్క మాటతో డాక్టరుకు దారి మూసుకుపోయింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి తోటలో రాత్రికి రాత్రి పోయినాడంటే ఎవరైనా పాము అనుకోవాలి, లేకపోతే విషం అనుకోవాలి. మీ నాన్నను తప్పు పట్టడం లేదు. ఆ టైములో ఎవరికీ నోరు రాదు. చాలా ఇళ్ళలో చూసినాను.

తెల్లకోటు
ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఒక ఏరియా ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళు పనిచేశాను. పొద్దున ఓపీ చూసి, మధ్యాహ్నం పోస్టుమార్టం చేసి, మళ్ళీ సాయంత్రం వార్డుకు పోయిన రోజులు చాలా ఉన్నాయి. చిన్న ఆసుపత్రుల్లో చాలా చోట్ల ఈ పని చేసేది ఫోరెన్సిక్ చదివినవాళ్ళు కాదు, నాలాంటి ఎంబీబీఎస్ డాక్టర్లే. ఫోరెన్సిక్ విభాగం కావాలంటే మెడికల్ కాలేజీకి పోవాలి.

మీ చిన్నాయన విషయంలో డాక్టరు కారణం రాయకపోవడాన్ని తప్పుగా తీసుకోకండి. ఆయనకు ఆ రోజు తెలియదు. తెలియనప్పుడు ఏదో ఒకటి రాసేసేవాళ్ళను కూడా చూశాను, వాళ్ళకంటే ఈయన నయం.

మేం చేసేది ఇదీ. పోస్టుమార్టం చేయమని పోలీసులు రాసిచ్చే రిక్విజిషన్, పంచనామా నకలు చేతికొచ్చాకే శవాన్ని ముట్టుకుంటాం. కానిస్టేబులు, బంధువు ఇద్దరూ గుర్తుపట్టి చూపించాలి. ముందు బట్టలు, వాటి మీద మరకలు. తర్వాత ఒంటి మీద ప్రతి గాయం ఎక్కడ ఉంది, ఎంత పొడవు, ఏ రంగు. గుండె ఆగాక నెత్తురు కిందివైపు దిగి చర్మం మీద మచ్చలా పడుతుంది. వెల్లకిల పడుకుని పోయిన మనిషికి అది వీపు మీద ఉండాలి. ఛాతీ మీద ఉంటే ఎవరో తిప్పి పడుకోబెట్టారని అర్థం. కొయ్యబారడం మన ఎండల్లో తొందరగా మొదలై తొందరగా వదిలిపోతుంది, కాబట్టి ఎన్ని గంటలకు పోయాడో దాన్ని ఒక్కదాన్నే చూసి చెప్పలేం. తర్వాత తల, ఛాతీ, పొట్ట మూడూ తెరిచి చూస్తాం. ఉరి కేసైతే మెడ చివర్లో తెరుస్తాం, మిగతా చోట్ల నెత్తురు కారిపోయాక మెడ లోపలి దెబ్బలు స్పష్టంగా కనపడతాయి.

విషం అనుమానం ఉంటే పొట్ట, అందులో ఉన్న ఆహారం, చిన్నపేగు ముక్క, కాలేయం ముక్క, రెండు మూత్రపిండాల్లో సగం సగం, కొంచెం రక్తం తీసి సీసాల్లో పెడతాం. రక్తం సీసాలో తప్ప మిగతావాటిలో కరిగినంత ఉప్పు కరిగించిన నీళ్ళు పోస్తాం. ఆ ఉప్పునీళ్ళు కూడా ఒక సీసాలో వేరుగా పంపుతాం, విషం నీళ్ళలోంచే వచ్చిందని రేపు కోర్టులో ఎవరూ అనకుండా. పాము అనుమానం ఉంటే కాటు అనిపించిన చోట చర్మం కూడా తీస్తాం. కట్లపాము కరిస్తే గాటు కంటికి కనపడకపోవచ్చు. నేల మీద పడుకున్నవాళ్ళు నొప్పి తెలియకుండా నిద్రలోనే పోవచ్చు. గుండె మీద అనుమానం ఉంటే దాన్ని ఫార్మలిన్‌లో వేసి, ముక్కలను మైక్రోస్కోపు కింద చూసే పెథాలజీకి పంపుతాం.

సీసాలకు సీలు వేసి కానిస్టేబులు చేతికిచ్చాక అది మా చేయి దాటిపోయినట్టే. తిరుపతిలోని ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి నివేదిక వచ్చాక, పోలీసులు దాన్ని మళ్ళీ మా దగ్గరికి తెచ్చి తుది అభిప్రాయం ఇవ్వమని రాసి అడగాలి. అడగకపోతే నివేదిక వచ్చిందన్న సంగతే డాక్టరుకు తెలియదు. ఎక్కువ కేసులు ఆగిపోయేది ఇక్కడే. హెడ్డుగారు చెప్పినట్టు స్టేషన్‌లో కాగితం ఇవ్వండి, అందులో రెండు ప్రశ్నలు అడగండి: ల్యాబ్ నివేదిక వచ్చిందా, వస్తే తుది అభిప్రాయానికి డాక్టరుకు పంపారా. సర్టిఫికెట్ చివర్లో ఏమేం దాచి పంపారో రాసి ఉంటుంది, చూడండి. గుండె పంపారా?

తోతాపురి_తోట
ఇప్పుడే చూశాను. 'గుండె, పెథాలజీ పరీక్షకు' అని ఉంది. మూడు నెలలుగా జేబులో పెట్టుకుని తిరుగుతున్న కాగితం, ఆ లైను ఒక్కసారి కూడా చదవలేదు.

తెల్లకోటు
అయితే ఆ డాక్టరు మంచి పని చేశారు. జబ్బేమీ లేదని చెప్పినా గుండె పంపారంటే, లోపల చూసినప్పుడు ఏదో అనిపించి ఉంటుంది. రెండు నివేదికలు రావాలి, ఒకటి కాదు.

అవిలాల_అక్క
అందరూ ఉన్న చోట ఒక అనుమానం అడుగుతాను. మా ఊళ్ళో పోస్టుమార్టం అంటే కిడ్నీలు తీసేసుకుంటారని గట్టిగా నమ్ముతారు. మా పెద్దమ్మ కొడుకు బైకు ప్రమాదంలో పోయినప్పుడు మా వాళ్ళు మార్చురీ తలుపు దగ్గర గొడవ చేశారు. నిజమేనా?

తెల్లకోటు
చనిపోయి గంటలు గడిచిన మనిషి కిడ్నీ ఎవరికీ పనికిరాదు అక్కా. రక్తం ఆగిన కాసేపటికే పాడైపోతుంది. అవయవదానం అనేది ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద, బ్రెయిన్ డెత్ అని తేల్చాక, గుండె కొట్టుకుంటూ ఉండగానే జరుగుతుంది. కళ్ళు మాత్రం ఆరు గంటల్లోపు ఇస్తే పనికొస్తాయి, అదీ ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే. పరీక్షకు తీసిన ముక్కలు తప్ప మిగతావన్నీ లోపల పెట్టే కుడతారు. ఆ కుట్టు కంగాళీగా ఉండడం వల్లే ఇలాంటి అనుమానాలు వస్తాయి. ఆ విషయంలో తప్పు మా వైపే ఉంది.

తలకోన_గాలి
మా అబ్బ విషయంలో రాత్రి ఏడు గంటలకు ఆసుపత్రికి చేరితే, 'పొద్దు కుంకాక చేయం' అని తెల్లారేదాకా మార్చురీ వరండాలో కూర్చోబెట్టారు. రాత్రి కూడా చేయొచ్చని కేంద్రం చెప్పిందిగా?

రిటైర్డ్_హెడ్డు
2021 నవంబరులో చెప్పింది. వసతి ఉన్న ఆసుపత్రుల్లో, వీడియో తీస్తూ. హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్ళిన శవం, అనుమానాస్పదం అయితే మాత్రం రాత్రి చేయరు, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప. మీ అబ్బది ఏ కేసు?

తలకోన_గాలి
బావిలో పడ్డాడు. అనుమానాస్పదం అనే రాశారు. అయితే వాళ్ళు చెప్పింది సరే. కానీ వరండాలో ఒక బెంచీ అయినా వేసి ఉండొచ్చు. మాయమ్మ రాత్రంతా నేల మీదే కూర్చునింది.

తెల్లకోటు
బల్బు వెలుతురులో కమిలిన రంగు సరిగా తెలియదు. పచ్చకామెర్ల పసుపు కనపడదు. కొత్త దెబ్బా పాత దెబ్బా అన్నది రంగు చూసే చెప్తాం. బెంచీ సంగతి మీరన్నది నిజం.

నగరి_నుంచి_న్యూజెర్సీ
మెడికల్ ఎగ్జామినర్ గురించి అడిగారు కదా, నేను దగ్గరుండి చూసింది చెప్తాను. 2019లో నా రూమ్మేట్ నిద్రలో పోయాడు. 29 ఏళ్ళు, పీలేరు అబ్బాయి. 911కి ఫోన్ చేస్తే పోలీసులు వచ్చారు, కాసేపటికి మెడికల్ ఎగ్జామినర్ ఆఫీసు నుంచి ఒక ఇన్వెస్టిగేటర్ వచ్చింది. గదిలో మందుల డబ్బాలు, చెత్తబుట్ట, ఫ్రిజ్‌లో కూర, దిండు అన్నీ ఫోటోలు తీసింది. చివరిగా ఏం తిన్నాడు, ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడ్డాడా, ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా పోయారా అని నన్ను గంటసేపు అడిగింది. పీలేరుకు ఫోన్ చేసి వాళ్ళమ్మను కూడా అడిగించింది. నేను తెలుగులో అడిగి ఇంగ్లీషులో చెప్పాను. ఆ ఫోన్ నా జీవితంలో మర్చిపోలేను.

ఇక్కడ మెడికల్ ఎగ్జామినర్ అంటే డాక్టరే, అందులోనూ పెథాలజీ చదివి ఆపైన ఫోరెన్సిక్ చదివినవాడు. అనుమానాస్పద మరణం అయితే శవం మీద అధికారం ఆయనదే. పరీక్ష చేయాలా, బయటినుంచి చూస్తే చాలా అన్నది ఆయనే తేలుస్తాడు, ఇంటివాళ్ళ అనుమతి అక్కర్లేదు. మత కారణాలతో వద్దంటే వినే చట్టం న్యూజెర్సీలో ఉంది కానీ, హత్య అనుమానం ఉంటే అది చెల్లదు.

చివరికి ఆయన రెండు రాయాలి. ఎందువల్ల పోయాడు, ఎలా పోయాడు. రెండోదానికి ఐదే జవాబులు: సహజం, ప్రమాదం, ఆత్మహత్య, ఇతరుల చేతిలో, తేల్చలేం. 'ఇతరుల చేతిలో' అని రాసినా ఫలానావాడు నేరస్తుడని కాదు, అది కోర్టు పని.

తోతాపురి గారూ, ఒక మాట. మావాడి డెత్ సర్టిఫికెట్ మీద కూడా మొదట 'పెండింగ్' అనే రాశారు. ఆ కాగితంతోనే కాన్సులేట్ అనుమతి తీసుకుని, శవం పాడవకుండా ఎంబామింగ్ చేయించి, చెన్నై విమానంలో పంపాం. అక్కడినుంచి పీలేరుకు రోడ్డు మీద. అసలు కారణం పది వారాల తర్వాత వచ్చింది. పుట్టుకతో గుండె కండరం మందంగా ఉందట. కాబట్టి ఆలస్యం ఇక్కడా ఉంది. కానీ ఏ నంబరుకు ఫోన్ చేయాలో, ఎవరు జవాబు చెప్తారో మాకు మొదటి రోజే తెలుసు.

మామిడి_మండీ
అమెరికా అంతా ఇట్లేనా?

నగరి_నుంచి_న్యూజెర్సీ
కాదు. చాలా చోట్ల ఇప్పటికీ ఆ పనికి కరోనర్ అనే అధికారి ఉంటాడు. కొన్ని రాష్ట్రాల్లో ఎన్నికల్లో గెలిచి వస్తాడు, డాక్టరు కానక్కర్లేదు.

మామిడి_మండీ
అంటే ఓట్లడిగి గెలిచి, ఎవరెలా పోయారో చెప్తాడా! మన దగ్గర అది పెడితే కులం చూసి కారణం రాస్తారు.

చరిత్ర_మేష్టారు
కరోనర్ పద్ధతి ఇంగ్లండుది, 1194 నాటిది. అమెరికాలో మొదట దాన్ని వదిలి డాక్టరును పెట్టింది మసాచుసెట్స్, 1877లో. న్యూయార్క్ నగరంలో 1918లో వచ్చింది. మన దేశంలో కూడా కరోనర్లు ఉండేవాళ్ళు, 1871లో చట్టం చేశారు. ముంబైలో 1999 దాకా ఉన్నారు. మన పక్కనే ఉన్న మద్రాసులో 1693లోనే విషం అనుమానంతో ఎడ్వర్డ్ బల్క్‌లీ అనే డాక్టరు శవాన్ని కోసి చూశాడు. మన దేశంలో నేర విచారణ కోసం చేసిన మొదటి శవపరీక్షగా దాన్నే చెప్తారు.

రిటైర్డ్_హెడ్డు
మన దగ్గర ఆ మెడికల్ ఎగ్జామినర్ పద్ధతి అక్కర్లేదు. పోలీసు చేతిలోంచి పంచనామా తీసేస్తే ఊళ్ళో మనుషుల్ని ఎవరు విచారిస్తారు? డాక్టరుకు ఊరు తెలుసా?

తెల్లకోటు
ఊరు తెలియదు. అందుకే శవం దొరికిన చోటు చూడాలంటున్నాను. తొమ్మిదేళ్ళలో నేను ఆ చోటుకు వెళ్ళింది నాలుగుసార్లు. మిగతా అన్నిసార్లూ మీరు రాసిన రెండు పేజీలు చదువుకుని కోశాను. తోట గుడిసెలో మంచం ఉందా, నేల మీద పడుకున్నాడా, పక్కన మాత్రల షీటు ఉందా, పురుగుమందు డబ్బా ఉందా అని ఒక్క ఫోటో చూసినా నా అభిప్రాయం మారిపోయి ఉండే కేసులు ఉన్నాయి. న్యూజెర్సీ తమ్ముడు చెప్పిన ఆ ఇన్వెస్టిగేటర్ లాంటి మనిషి ఒకరుంటే చాలు. పేరు ఏదైనా పెట్టుకోండి.

రిటైర్డ్_హెడ్డు
ఫోటోలు పంపడం మా వల్ల అయ్యే పనే. అది ఒప్పుకుంటాను.

కాణిపాకం_కుర్రాడు
తోతాపురి అన్నా, ప్రమాద బీమా ఉందా? ఉంటే నేను చెప్పేది విను. ఇంకా తుది అభిప్రాయం రాలేదు కదా, పాము కాటు అని రాయించుకో. తెలిసినవాళ్ళను పట్టుకుంటే అవుతుంది. ప్రధానమంత్రి సురక్షా బీమాలో రెండు లక్షలు వస్తాయి. మా వీధిలో ఒకాయన అట్లే చేసినాడు.

స్వర్ణముఖి_ఒడ్డు
ఛీ, ఇదేం సలహా?

కాణిపాకం_కుర్రాడు
పోయినాయన రాడు కదక్కా. ఆయమ్మకు రెండు లక్షలు వస్తే తప్పేముంది? విషం అనే మాట కూడా పోతుంది.

తెల్లకోటు
తప్పేముందో చెప్తాను. ఆ అభిప్రాయం మీద సంతకం పెట్టిన డాక్టరు ఐదేళ్ళ తర్వాత కోర్టులో బోనెక్కి దానికి జవాబు చెప్పాలి. ల్యాబ్ కాగితం ఒకటి చెప్తుంటే ఆయన కాగితం ఇంకొకటి చెప్తే ఉద్యోగం పోతుంది, కేసూ పడుతుంది. అది పక్కన పెట్టండి. నన్ను కూడా అడిగారు ఇలా, ఒకసారి కాదు. ఒకసారి ఒప్పుకుంటే తర్వాత నేను రాసిన ఏ కాగితాన్నీ ఎవరూ నమ్మక్కర్లేదు. ఒక ఆడమనిషి నిర్దోషి అని నేను రాసినా సరే, దాన్ని కూడా నమ్మరు.

పలమనేరు_టమాటా
కుర్రాడా, నీ మీద కోపం లేదు. నా కథ విను.

మా నాన్న ఆరేళ్ళ కింద టమాటా తోటకు మందు కొడుతూ పడిపోయాడు. గాలి ఎదురు కొట్టింది, ముఖానికి గుడ్డ కూడా లేదు. నోట్లో నురగ. ఆసుపత్రి దారిలోనే పోయాడు. మా పెద్దలు 'పోస్టుమార్టం వద్దు, కోసేస్తారు, అందరూ మందు తాగి చచ్చాడంటారు' అని బండి వెనక్కి తిప్పించారు. గుండెపోటని చెప్పి మధ్యాహ్నానికే దహనం చేసేశాం. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. ఎదురు చెప్పలేదు.

తర్వాత బీమాకు పోతే పోలీసు కేసు ఏది, పోస్టుమార్టం ఏది అన్నారు. లేవు. ఒక్క రూపాయి రాలేదు. అది పోనీ. మందు తాగే చచ్చాడని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. అప్పులున్నాయి కాబట్టి నమ్ముతారు కూడా. మా నాన్న అప్పులకు భయపడి చచ్చే మనిషి కాదు. కానీ నా చేతిలో ఒక్క కాగితం లేదు. పూడ్చి ఉంటే మేజిస్ట్రేటు తీయించి అయినా చూసేవాళ్ళేమో. బూడిదలో ఏం చూస్తారు?

తోతాపురి అన్నా, నీ దగ్గర కనీసం ఆ సీసాలున్నాయి. నిజం ఏదైనా సరే, అదే రానీ.

కాణిపాకం_కుర్రాడు
అన్నా, నేను అంత దూరం ఆలోచించలేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఒకటి మాత్రం నిజంగా చెప్తున్నా, బ్యాంకు మిత్రగా పనిచేస్తున్నా కాబట్టి తెలుసు. చిన్నాయన బ్యాంకు పాస్‌బుక్ చూడు. ఏడాదికి 20 రూపాయలు కట్ అయి ఉంటే అది సురక్షా బీమా, ప్రమాదం అయితేనే. 436 కట్ అయి ఉంటే అది జీవనజ్యోతి బీమా. దానికి పాము అక్కర్లేదు, గుండెపోటైనా ఏదైనా రెండు లక్షలు వస్తాయి. 50 ఏళ్ళలోపు చేరి ఉండాలి, 55 దాకా ఉంటుంది. ఏటా మే నెలాఖరులో కట్ అవుతుంది.

తోతాపురి_తోట
436 ఉంది! ఈ మే నెలలోనే కట్ అయింది. 2020లో బ్యాంకు వాళ్ళే చేర్పించినట్టు ఉంది, ఇంట్లో ఎవరికీ తెలియదు. కుర్రాడా, నీకు దండం.

పలమనేరు_టమాటా
వీడు మంచోడే. మొదట్లో కొంచెం పాము ఆడించాడంతే.

తోతాపురి_తోట
పదిహేను రోజుల తర్వాత రాస్తున్నాను. తెల్లకోటు గారు చెప్పిన రెండు ప్రశ్నలు కాగితం మీద రాసి, రసీదు తీసుకుని స్టేషన్‌లో ఇచ్చాను. బీపీ మాత్రల చీటీలు, మందుల షాపు బిల్లులు కూడా జతచేశాను. నాన్నే వచ్చి సంతకం పెట్టాడు, ఆ రోజు చెప్పని మాటలు రాసిచ్చాడు. కొత్తగా వచ్చిన ఎస్సైగారు ఫైలు తీయించి చూస్తే, ల్యాబ్ నివేదిక నెల కిందటే వచ్చి అందులోనే ఉంది. డాక్టరుకు పంపలేదు. మరుసటి రోజు పంపారు. పెథాలజీ నివేదిక డాక్టరు దగ్గరే ఉందట.

రిటైర్డ్_హెడ్డు
నెల కింద వచ్చిందా. మా శాఖ తరఫున నాకు సిగ్గుగా ఉంది. రసీదు జాగ్రత్త.

తెల్లకోటు
ల్యాబ్ నివేదికలో ఏముందో చెప్పారా?

తోతాపురి_తోట
'విష పదార్థాలేవీ కనపడలేదు' అని ఉందని ఎస్సైగారు చదివి చెప్పారు. నాన్న అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

తెల్లకోటు
మంచిది. కానీ అది ఒక్కటే చాలదు. కొన్ని విషాలు ఆ పరీక్షల్లో దొరక్కపోవచ్చు, పాము విషం కూడా చాలాసార్లు దొరకదు. అందుకే గుండె నివేదిక ముఖ్యం. తుది అభిప్రాయం రాతపూర్వకంగా వచ్చేదాకా ఊళ్ళో ఎవరితోనూ వాదనకు దిగకండి.

అవిలాల_అక్క
చిన్నమ్మకు చెప్పారా?

తోతాపురి_తోట
చెప్పాం. ఏమీ అనలేదు. లోపలికి పోయి పొయ్యి వెలిగించింది. ఇన్ని రోజులూ మా ఇంటినుంచే క్యారియర్ పోయేది.

తోతాపురి_తోట
తుది అభిప్రాయం ఈరోజు చేతికొచ్చింది. గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళాల్లో ఒకటి బాగా పూడిపోయి ఉంది. గుండె కండరంలో పాత మచ్చ కూడా ఉందట. అంటే ఇంతకు ముందే ఒకసారి గుండెపోటు వచ్చి ఎవరికీ తెలియకుండా పోయిందని డాక్టరుగారు చెప్పారు. ఆయనే మమ్మల్ని కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు విడమరిచి చెప్పారు. కారణం రాయలేదని మొదట్లో ఆయన మీద నాకు చాలా కోపం ఉండేది. ఆ కోపం తప్పని ఇప్పుడు తెలుస్తోంది. పోయిన సంక్రాంతికి చిన్నాయన రెండు రోజులు ఎడమ భుజం నొప్పి అన్నాడు. చెరుకు మోపు ఎత్తినందుకు అనుకున్నాం.

సాయంత్రం ఇంటి ముందు అందరూ ఉండగా కాగితం మొత్తం చదివాను. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి. మేనత్త కూడా ఉంది. చివర 'సహజ మరణం' అన్నప్పుడు ఆమె లేచి పోయి చిన్నమ్మ చేతులు పట్టుకుంది. చిన్నమ్మ చేతులు వెనక్కి లాక్కోలేదు, ఆమె వైపు చూడనూ లేదు. దానికి ఇంకా టైం పడుతుంది.

స్వర్ణముఖి_ఒడ్డు
చదువుతుంటే కళ్ళ నీళ్ళు వచ్చాయి. చిన్నమ్మకు తొందర పెట్టకండి.

పలమనేరు_టమాటా
ఆ కాగితం నకళ్ళు నాలుగైనా తీసి, ఒకటి చిన్నమ్మ పెట్టెలో పెట్టన్నా.

కాణిపాకం_కుర్రాడు
జీవనజ్యోతి క్లెయిముకు డెత్ సర్టిఫికెట్, నామినీ ఆధార్, నామినీ పాస్‌బుక్ తీసుకుని బ్యాంకుకు పో. ఫారం నింపడం నాకు వదిలెయ్. నీ నంబరు ఇక్కడ పెట్టొద్దు, వేరుగా పంపు.

తెల్లకోటు
ఒకటి అడగాలి. మీ నాన్నగారి వయసెంత? ఆయనకు బీపీ, షుగరు ఉన్నాయా? చిన్నాయనకు 52కే నాళాలు అంతగా పూడిపోయాయంటే, తోడబుట్టినవాళ్ళు ఊరుకోకూడదు.

నగరి_నుంచి_న్యూజెర్సీ
నేనూ అదే రాయబోతున్నాను. మావాడి కారణం తెలిశాక పీలేరులో వాళ్ళ తమ్ముడికి పరీక్ష చేయించారు. అతనికీ అదే ఉంది. ఇప్పుడు మందుల మీద బాగున్నాడు.

తోతాపురి_తోట
నాన్నకు 58. బీపీ ఉంది. ఆయనకూ ఛాతీలో మంట వస్తుందని, సోడా తాగుతున్నాడని అమ్మ నిన్న రాత్రే చెప్పింది. బుధవారం తిరుపతి తీసుకెళ్తున్నాను, ఈసీజీ, ఎకో చేయించడానికి. చిన్నమ్మ కూడా వస్తానంది.